ఫజ్ర్ తర్వాత బ్యారేజీ మీద

ముప్పై ఏళ్లుగా మదర్సాలో అరబీ వ్యాకరణం, హదీసు బోధిస్తున్నాను. మాది కూర్చుని చేసే పని. ఉదయం గ్రంథం ముందు బాసింపట్టు వేసుకుంటే జుహర్ అజాన్ వరకు లేవడమన్నది ఉండదు. రెండేళ్ల క్రితం ఒకనాడు సజ్దా నుండి లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. మరునాటి నుండి కుర్చీలో కూర్చుని నమాజు చేయవలసి వచ్చింది. నా శిష్యులు నుదురు నేలకానిస్తుంటే నేను తల వంచి సరిపెట్టుకునేవాణ్ణి. ఆ వెలితి అనుభవించినవారికే తెలుస్తుంది.

కీళ్లు అరగలేదని, బరువు పెరిగి తొడ కండరాలు బలహీనపడ్డాయని వైద్యుడు చెప్పారు. రోజూ నడవమన్నారు. నాన్నగారు గుర్తొచ్చారు. దివిసీమలో కౌలు సేద్యం చేసిన ఆయన డెబ్బై ఏళ్లు దాటాక కూడా కళ్లంలో తుండుగుడ్డ పరచి సజ్దా చేసేవారు. ఆయన వ్యాయామమన్న మాటే ఎరుగరు. పొలం గట్లే ఆయనను నడిపించాయి.

మా నివాసం విజయవాడ వన్‌టౌన్. ఫజ్ర్ ముగియగానే ప్రకాశం బ్యారేజీకి చేరుకోవడం మొదలుపెట్టాను. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, 1957 నాటికి ఈ బ్యారేజీ సిద్ధమైంది. దీని పొడవు సుమారు 1,223 మీటర్లు. సీతానగరం ఒడ్డు దాకా వెళ్లి తిరిగి వస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. చురుకుగా నడిస్తే అరగంట. వారానికి ఐదు రోజులైతే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోజనులకు సూచించే కనీస పరిమితి సరిగ్గా ఇదే. కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారానికి రెండు రోజులైనా చేయాలని కూడా ఆ సంస్థ చెబుతుంది. అందుకోసం చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

మొదటి వారం సగం దూరానికే ఆయాసం వచ్చింది. గేట్లు లెక్కపెట్టుకుంటూ, నోట తస్బీహ్ చేసుకుంటూ నడిచాను. దిగువన ఇసుక తిన్నెల మీదుగా సూర్యుడు పైకి వస్తుంటే ఎగువ నీరంతా ఎర్రబడేది. ఊరి మధ్యగా సాగే కాలువల్లో నీరు కదిలినన్నాళ్లు డెల్టా పచ్చగా ఉంటుంది. నిలిచిన చోట గుర్రపుడెక్క అల్లుకుంటుంది. నా దేహానికి పట్టిన గతి అదేనని అర్థమైంది.

దేహానికి కూడా మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించినట్లు ఎన్నో ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. ఆయన శనివారాల్లో ఒక్కోసారి కాలినడకన ఖుబా మస్జిద్‌కు వెళ్లేవారన్న హదీసు కూడా పాఠంలో భాగమే. ఆయన హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్న సంఘటన చెప్పినప్పుడు పిల్లలు నవ్వేవారు. చెప్పిన నేను మాత్రం ఆచరించలేదు. ఇప్పుడు నా శ్రీమతి కూడా నాతో నడుస్తోంది. చాలాసార్లు నాకంటే ముందే ఉంటుంది. పాఠానికీ పాఠానికీ మధ్య లేచి వరండాలో నాలుగడుగులు వేస్తున్నాను. మస్జిద్‌కు బండి మానేశాను.

ఐదో నెలలో ఒక ఫజ్ర్ వేళ కుర్చీని గోడవారగా జరిపి వరుసలో నిలబడ్డాను. సజ్దాలో నుదురు చాపను తాకగానే కళ్లు చెమర్చాయి.

నిజంగా అశక్తులైనవారికి కుర్చీ అల్లాహ్ కల్పించిన సౌలభ్యం. అందులో ఏ లోటూ లేదు. కానీ మన బద్ధకం వల్ల ఆ అవసరం రాకుండా చూసుకోవడం మన బాధ్యత. బల్ల ముందు, గల్లాపెట్టె వెనుక, కంప్యూటరు ఎదుట రోజంతా గడిపే సోదర సోదరీమణులారా! రేపు ఫజ్ర్ తర్వాత మళ్లీ పడకెక్కకుండా వీధిలోకి ఒక్క అడుగు వేయండి.