నలుగురి కుక్క

విశాఖపట్నంలో ఉండే మా షడ్డకుడు పొద్దున్నే బీచిరోడ్డు ఫోటోలు పంపిస్తుంటాడు. వాటిలో సముద్రం తక్కువ, కుక్కలెక్కువ. లాబ్రడార్లు, బీగిళ్ళు, జుట్టు దువ్వి రిబ్బను కట్టిన షిట్జూలు, వాటి వెనకాల నిక్కర్లేసుకున్న యజమానులు. వాళ్ళంతా ఒక జట్టట. ఆదివారం కలుస్తారట. ఏ డాక్టరు హస్తవాసి మంచిది, కడుపు చెడితే ఏం పెట్టాలి, ఊరికి పోతే ఎవరింట్లో వదలాలి, ఇవీ ముచ్చట్లు. "మీ నంద్యాలలో ఇట్లాంటివేముంటాయిలే అన్నా" అన్నాడు మొన్న ఫోన్లో. గొంతులో జాలి. సముద్రం లేదన్న జాలి సగం, కుక్కల జట్టు లేదన్న జాలి సగం.

సముద్రం సంగతి ఒప్పుకున్నా. మాకున్నది చిన్నచెరువు, చామకాలువ, వానలు ముదిరితే మీదికొచ్చే కుందూ. జట్టు సంగతికి మాత్రం మనసొప్పలేదు. మా వీధిలో ఒక్క కుక్కకు ఆరిళ్ళ యజమానులున్నారు. ఇంతకన్నా పెద్ద జట్టేముంటుంది? చిక్కల్లా ఒక్కటే. విడివిడిగా అడిగితే ఆరిళ్ళలో ఒక్కరూ "మాది" అనరు.

దాని పేరు నల్లోడు. అట్లా పిలిచేది ఎదురింటి జేజి. బ్యాంకు పరీక్షల కోచింగుకని ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఆడపిల్లలకు వాడు బ్లాకీ. మసీదు సందు పిల్లలకు కాలూ. మూడు పేర్లకూ పలుకుతాడు, మూడు భాషలూ వచ్చు. ఎడమ చెవి కొన చిరిగి, వాడిన తమలపాకులాగా ముందుకు వాలి ఉంటుంది. ఒంటి నలుపు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయి, అక్కడి నుంచి నాలుగు కాళ్ళకూ తెల్ల మేజోళ్ళు. ముందరి కుడికాలు కుంటు. ఆ కుంటు ఒక వింత. బన్ను చేతిలో ఉన్న మనిషి కనబడితే ఎక్కువవుతుంది, పంది కనబడితే మాయమవుతుంది.

పొద్దున అయిదున్నరకు టీ అంగడి షట్టరు లేచేసరికి వాడక్కడ ఉంటాడు. ఒక రస్కు. ఏడింటికి జేజి గడప ముందు మజ్జిగ కలిపిన సద్దన్నం. జేజి అందులో ఉప్పెయ్యదు, వేస్తే బొచ్చు రాలుతుందట. అన్నం పెడుతుంది గానీ గడప తొక్కనివ్వదు, పొరపాటున తగిలితే తలకు పోసుకుంటుంది. మసీదు సందు మూలింట్లో చిన్నమ్మదీ అదే తీరు. లోపలికి రానివ్వదు, వాకిలి బయట మట్టి గిన్నెలో నీళ్ళు మాత్రం ఎండాకాలంలో ఒక్కపూట కూడా ఎండనివ్వదు. దప్పికగొన్న కుక్కకు నీళ్ళు పోసినందుకు పాపాలు మాఫీ అయిన మనిషి కథ చిన్నప్పుడు వాళ్ళ నాయన చెప్పాడంటుంది. ఆదివారం మాంసం అంగడి, సాయంత్రం హాస్టలు పిల్లల బిస్కెట్లు. ఇక రాత్రి పడక మా పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు గారి స్కూటరు సీటు మీద.

సారుకు కుక్కలంటే పడదు. ఆ సీటు కవరు ఇప్పటికి మూడుసార్లు మార్పించాడు. అసలు ఆ కుక్కను వీధికి తెచ్చింది ఆయనే అన్న మాట మాత్రం ఆయన ముందు ఎవరూ ఎత్తరు. 2019 సెప్టెంబరులో మహానంది గుడిలోకి నీళ్ళొచ్చినప్పుడు నంద్యాలలోనూ వీధులు చెరువులయ్యాయి. ఆ నీళ్ళలో కొట్టుకొచ్చిన గుప్పెడంత కూనను బకెట్లో వేసుకుని మిద్దె మీదికెక్కించిన మనిషి ఆయన. "అడ్డమొచ్చింది, తీసి పక్కన పెట్టినా. అంతే" అంటాడు.

మా ఊళ్ళో పద్ధతిగా కుక్కల్ని పెంచేవాళ్ళు లేరని కాదు. చెరువు దిక్కు పోతే తెల్లవారకముందే ఒక హస్కీ ఎదురొస్తుంది. సైబీరియా మంచులో బండి లాగాల్సిన జాతి, మే నెల 45 డిగ్రీల నంద్యాలలో పుట్టిన పాపానికి చీకటితోనే నడక ముగించుకుని ఏసీ గదిలోకి పోతుంది. దానితో వాళ్ళింట్లో అందరూ ఇంగ్లీషే. కమాన్, సిట్, నో. పిల్లల్ని తెలుగులో తిట్టే నాయన కూడా కుక్క దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషులోకి దిగుతాడు. మన భాషలో విదేశీ జాతి కుక్కకు సీమకుక్క అని పేరు. సీమచింత, సీమపంది లాగా సీమ అంటే దొరల దేశం. రాయలసీమలో ఉండి ఆ మాట వాడినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. సీమలో పుట్టి సీమలో పెరిగిన నల్లోడు సీమకుక్క కాదు, ఊరకుక్క.

ఆళ్ళగడ్డ మా అత్తగారి ఊరు, నలభై కిలోమీటర్లు. షడ్డకుడికీ అదే అత్తగారి ఊరు కాబట్టి అక్కడి కుక్కల సంగతి వాడికీ తెలియాల్సింది. ఆ ఊరు శిల్పులకు పేరు. రోడ్డు పక్క రేకుల షెడ్లలో నందులు, సింహాలు, ద్వారపాలకులు, ముక్కు ఇంకా చెక్కని ఆంజనేయులు. మిషను కోతకు లేచిన రాతిపిండి అన్నింటి మీదా బూడిదలాగా పరుచుకుని ఉంటుంది. పోయినేడు ఒక షెడ్డు ముందు నిలబడి నిలువెత్తు నందిని చూస్తున్నా. నంది పొట్ట నీడలో ముడుచుకుని పడుకున్న కుక్క. ఒంటినిండా తెల్లటి పిండి. చెవుల లోపలి గీతలు, పక్కటెముకల వరస, ముక్కు మీద పాత గాటు. ఏం పనితనం అనుకుంటూ వంగా. తోక కదిలింది. వెనక్కి గెంతా.

శిల్పి ఉలి పక్కనపెట్టి నవ్వాడు. "దానికి ఆర్డరు ఇచ్చినోళ్ళు లేరు సారూ. అదే వచ్చి పడుకునింది." కాలభైరవుణ్ణి చెక్కితే పక్కన కుక్కను చెక్కుతారట. ఒట్టి కుక్కను చెక్కించుకోవడానికి ఎవరూ రారట.

నంద్యాల చుట్టూ నవనందులు. ఆళ్ళగడ్డ అవతల అహోబిలంలో నవనారసింహులు. ఎద్దుకు తొమ్మిది గుళ్ళు, సింహానికి తొమ్మిది గుళ్ళు. కుక్కకు దక్కింది గ్రామసింహం అన్న బిరుదొక్కటే, అందులో కూడా మన్నన కన్నా వెక్కిరింతే ఎక్కువ. కానీ ఎగువ అహోబిలం ఎక్కి చూడండి. భవనాశిని వాగు పక్క రాళ్ళ దారిలో ఎక్కణ్ణుంచో ఒక గ్రామసింహం వచ్చి ముందు నడుస్తుంది. మనం రొప్పుతూ నిలబడితే అదీ నిలబడి వెనక్కి చూస్తుంది. బిస్కెట్టు కోసమే, నాకు తెలుసు. అయినా అడవిలో ఆ తోక ముందు కనబడుతుంటే గుండెకొక నిబ్బరం.

నల్లమలలో ఈ స్నేహం పాతది. చెంచుల గూడెంలో కుక్క లేనిదే వేట లేదు, 1943లో వాళ్ళ మీద పుస్తకం వేసిన హైమెన్‌డార్ఫ్ దొర వాళ్ళ కుక్కల్ని కూడా వదలకుండా రాసుకున్నాడు. చెంచులక్ష్మిని పెళ్ళాడి అహోబిలం నరసింహస్వామి చెంచులకు అల్లుడయ్యాడు. కనుమ నాడు పారువేటకు బయలుదేరి ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి, నలభై దినాలు దాటాక గానీ కొండకు చేరడు. పల్లకీ వచ్చిన ఊళ్ళో మనుషులకన్నా ముందు ఎదురేగేవి కుక్కలే. 2024 వేసవిలో మహానంది చుట్టుపక్కల చిరుత తిరిగినప్పుడు కూడా రాత్రిళ్ళు జనం చెవులు కుక్కల అరుపు మీదే. చిరుతకు సులువుగా దొరికే తిండి ఊరకుక్కే మరి. అరిచేదీ అదే, పోయేదీ అదే.

ఇట్లాంటి ప్రాణి 2025లో దేశం మొత్తానికీ తగవు తెచ్చింది. ఢిల్లీ వీధుల్లో కుక్కల్నన్నింటినీ పట్టి షెల్టర్లలో పెట్టమని ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. 22న ముగ్గురు జడ్జీలు దాన్ని సవరించి, ఆపరేషను చేసి, టీకా వేసి పట్టినచోటే వదలమన్నారు, రేబిస్ ఉన్నవాటినీ మీద పడి కరిచేవాటినీ తప్ప. నవంబరు 7న మళ్ళీ, బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి తీసేసి తిరిగి అక్కడ వదలొద్దన్నారు. టీ అంగడిలో ఇదే చర్చ. కుక్క కేసు కోర్టుకెక్కడం మనకు కొత్తేమీ కాదని హెడ్మాస్టరు సారు అందుకున్నాడు. భారతం మొదట్లోనే సరమ అనే కుక్క జనమేజయుడి కొలువుకు పోయి, ఏ తప్పూ చేయని నా కొడుకును మీ తమ్ముళ్ళు ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. చివర ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిందీ కుక్కే. "మొదలూ కుక్కే, తుదా కుక్కే. నడిమధ్య కొట్లాట మాత్రం మనుషులది" అని టీ గుక్క మింగాడు. కుక్కలంటే పడని మనిషి ఇంత తెలుసుకోవడమెందుకో.

పట్టినచోటే వదలడమేమిటని చాలామందికి ఒళ్ళు మంట. నాకూ ఉండేది. నల్లోడు రెండు వారాలు కనబడకుండా పోయినప్పుడు అర్థమైంది. మూడో రోజుకే పై వీధి కుక్కలు నాలుగు మా చెత్తకుప్ప మీదున్నాయి. వాటికి మేం తెలియదు, మాకు అవి తెలియదు. రాత్రి బండి మీద వస్తే పిక్కల దాకా వచ్చేవి. కుక్కను తీసేస్తే చోటు ఖాళీగా ఉండదు, తెలియని కుక్క వస్తుంది. మద్రాసు బ్లూక్రాస్ వాళ్ళు 1964లోనే చంపడం కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయడమే దారి అని మొదలుపెట్టారు. ప్రభుత్వం 2001లో దాన్ని నిబంధనల్లోకి తెచ్చి 2023లో తిరగరాసింది. ఈ కొత్త నిబంధనల్లో వీధికుక్కకు కమ్యూనిటీ యానిమల్ అని పేరు. అన్నం ఎక్కడ పెట్టాలో వీధివాళ్ళే కూర్చుని చోటు చూసుకోవాలి, పిల్లలు ఆడేచోట, మెట్ల దగ్గర, రాకపోకల దారిలో వద్దు. చదివి జేజికి చెప్తే, "అయితే నలుగురి కుక్కా అని. ఆ మాట చెప్పడానికి ఇంత కాగితమా?" అనింది.

ఆ నలుగురి కుక్కే ఒకరోజు గ్యాసు సిలిండరు దించుతున్న అబ్బాయి పిక్క పట్టుకుంది.

తప్పెవరిదో తెలియదు. సిలిండరు దొర్లిన చప్పుడుకు బెదిరిందో, కుంటుకాలు మీద పడిందో. రెండు పళ్ళు దిగి రక్తం కారుతోంది. మొదట జేజి, "మాది కాదు నాయనా, వీధికుక్క" అనింది. టీ అంగడాయన కూడా అదే. హాస్టలు పిల్లలు కిటికీ వేసుకున్నారు. నేను? నేను కూడా, దాచడమెందుకు, "ఎవరూ పెంచడం లేదబ్బీ" అన్నా. ఆ అబ్బాయి ఒక్కొక్కరినీ చూసి అన్నాడు. "పొద్దున నేనొచ్చేసరికి వరసబెట్టి అన్నాలు పెడ్తాంటిరి గదన్నా. కరిచేసరికి తల్లీదండ్రీ లేనిదైపాయెనా?"

ఎవరికీ నోరు లేవలేదు. హెడ్మాస్టరు సారు లైఫ్‌బాయ్ సబ్బు పట్టుకొచ్చాడు. కొళాయి కింద కాలు పెట్టించి, చేతి గడియారం చూసుకుంటూ సరిగ్గా పదిహేను నిమిషాలు కడిగించాడు. లోపల్నుంచి కారం, సున్నం కలిపి తెచ్చిన జేజిని గదిమి పంపేశాడు. ఆస్పత్రికి నేను తోడు పోయా. గాయం చుట్టూ సీరం, ఆ రోజే టీకా, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. చేతికి సన్నటి సూదులు. నా చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు. ఆ భయానికి కరిచిన సంగతే ఇంట్లో చెప్పని పిల్లలుండేవాళ్ళు. చెప్పకపోతే ఏమయ్యేదో, రేబిస్ పైకి తేలాక మందు లేదు.

డాక్టరు ఇంకో మాట చెప్పాడు. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండండి. ఆ పది రోజులూ వీధి వీధంతా నల్లోడి ముఖంలోకే చూసింది. నీళ్ళు తాగాడా, చొంగ కారుతోందా, తూలుతున్నాడా. చిన్నమ్మ గిన్నెలో నీళ్ళు తగ్గాయో లేదో వేలు పెట్టి చూసేది. సారు రాత్రి లేచి స్కూటరు మీద టార్చి వేసేవాడు. వాడు మాత్రం ఈ మర్యాదంతా ఎందుకో తెలియక తోకాడిస్తూ తిరిగాడు. పదకొండో రోజు హాస్టలు పిల్లలు కేకు కోశారు.

తర్వాత జూలై 6 వచ్చింది. 1885లో అదే రోజు పారిస్‌లో పాశ్చర్, కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటి టీకా వేయించాడు. ఆ గుర్తుగా పశువుల ఆస్పత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలేస్తారు. ఆటో మాట్లాడాం. కుక్కంటే రెట్టింపు అన్నాడు, సారు జేబులోంచి తీసిచ్చాడు. మూతికి జేజి పాత చీర పేలిక. హాస్టలు నుంచి ఇద్దరు, టీ అంగడాయన, మాంసం అంగడి కుర్రాడు, చిన్నమ్మ కొడుకు, నేను, సారు. ఆటోలో పట్టక సగం మందిమి బండ్ల మీద వెనకాలే పోయాం. వరసలో మా ముందు హస్కీ, బొచ్చు పమేరియన్లు.

సూదికి వాడు కిక్కురుమనలేదు. రిజిస్టరు దగ్గర మాత్రం బండి ఆగింది. రాసే ఆయన తలెత్తకుండా అడిగాడు. "కుక్క పేరు?"

నల్లోడని ఒకరు, బ్లాకీ అని ఇద్దరు, కాలూ అని ఇంకొకరు.

"ఓనరు పేరు?"

ఎవరూ పలకలేదు. వెనక బెంచీ మీద కుక్క చీరపేలికను కాళ్ళతో లాక్కుంటోంది. సారు కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, తన ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పాడు. చెప్పి, మావైపు తిరగకుండా, "ఎవరో ఒకరిది రాయాల గదా" అన్నాడు.

ఆ కార్డు ఇప్పుడు టీ అంగడిలో మహానందీశ్వరుడి పటం కింద మేకుకు వేలాడుతోంది. మరుసటి టీకా తేదీ వచ్చే జూలై 6. స్కూటరు సీటు కవరు నాలుగోసారి చిరిగింది.