మిరప పువ్వు పటం గీసి భాగములు గుర్తించుము

"పువ్వు నిలువుకోత పటం గీసి భాగములు గుర్తించుము." నాలుగు మార్కులు. తెలుగు మీడియంలో చదువుకున్న వాళ్ళెవరికైనా ఈ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. నన్నైతే అర్ధరాత్రి లేపి అడిగినా మందార పువ్వు గీసేస్తాను. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరావళి, అండకోశం. గీతలన్నీ కుడివైపుకే రావాలి, స్కేలు పెట్టి గీయాలి, లేకపోతే అర మార్కు కట్. ఆ తర్వాత ఇంటర్లో ఎంపీసీ, ఎంసెట్, ఇంజనీరింగు, సాఫ్ట్‌వేరు. పువ్వుతో మన సంబంధం పదో తరగతితో సరి. మనలో చాలామంది కథ ఇదే కదా.

నా అభ్యంతరం ఒక్కటే. మందారమే ఎందుకు? పెద్దగా ఉంటుంది, భాగాలు కంటికి ఆనతాయి, ప్రతి పెరట్లో దొరుకుతుంది. సరే, ఒప్పుకుంటా. కానీ మన ఇళ్ళలో ఉండే ఎర్ర మందారానికి కాయ కాయడం మీరెప్పుడైనా చూశారా? చాలా అరుదు. కొమ్మ నాటితే బతికేస్తుంది కాబట్టి గింజ కోసం మనమూ చూడం. అంటే పువ్వు ఏ పని కోసం పుట్టిందో ఆ పని చెయ్యని పువ్వును ముందు పెట్టుకుని ఫలదీకరణం పాఠం చెప్తున్నామన్నమాట. రన్ కాని ప్రోగ్రాం చూపించి ప్రోగ్రామింగు నేర్పినట్టు :)

మాది డోర్నకల్ దగ్గర పల్లె. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళేవాళ్ళకి జంక్షన్‌గా తెలిసే ఉంటుంది, కొత్తగూడెం వైపు లైను ఇక్కడే చీలుతుంది. నేను చదువుకునేటప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. మా వైపు బతుకమ్మ పండగ తొమ్మిది రోజులూ పువ్వంటే తంగేడు, గునుగు. మిగతా సంవత్సరమంతా పువ్వంటే పూత. అందులోనూ మిరప పూత. దాని మీద కౌలు, మందుల బాకీ, చెల్లి పెళ్ళి, నా హాస్టలు ఫీజు అన్నీ ఆధారపడి ఉండేవి. ఇంత ముఖ్యమైన పువ్వును బళ్ళో మాకెవరూ ఒక్కసారి కూడా కోసి చూపించలేదు.

చూపిస్తే ఎంత ఉందో చూడండి. కొమ్మ రెండుగా చీలే చోట మిరప పువ్వు కిందికి తల వంచుకుని వేలాడుతుంది. బయట ఆకుపచ్చ గిన్నెలాంటిది రక్షక పత్రావళి. చాలా పూలలో కాయ పడగానే ఇది రాలిపోతుంది, మిరపలో మాత్రం కాయతోనే ఉండిపోతుంది. కారం పట్టించే ముందు మా అమ్మ వాళ్ళు కూర్చుని తీసే ముచ్చికలు ఉంటాయే, అవి ఇవే. వంకాయ, టమాట ముచ్చికలు కూడా అంతే, అన్నీ ఒకే కుటుంబం. ఉమ్మెత్త కూడా ఆ ఇంటిదే.

లోపల తెల్లటి ఆకర్షణ పత్రాలు, ఐదో ఆరో, అడుగున కలిసిపోయి ఉంటాయి. వాటికి అతుక్కుని దాదాపు అన్నే కేసరాలు. పుప్పొడి తిత్తులు నీలం, ఊదా కలిసిన రంగులో భలే ఉంటాయి. నడుమ కీలం, దాని కొసన కీలాగ్రం, అడుగున అండాశయం. పుప్పొడి కీలాగ్రం మీద పడి, అందులోంచి సన్నటి గొట్టం పెరిగి కీలం గుండా అండాశయంలోకి దిగితే అండాలు గింజలవుతాయి, అండాశయం కాయవుతుంది. ఎక్కువ అండాలకు పుప్పొడి అందకపోతే కాయ గిడసబారుతుంది, వంకర పోతుంది. మిరపకి సాధారణంగా తన పుప్పొడే సరిపోతుంది, తేనెటీగ వస్తే ఇంకా మంచిది.

ఇంకో సంగతి. కారం గింజలో ఉంటుందని అందరం అనుకుంటాం. నిజానికి అది తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో, అంటే పువ్వుగా ఉన్నప్పుడు అండాలను పట్టుకుని ఉన్న భాగంలో. గుంటూరు కారమైనా, వరంగల్ చపాటా అయినా లెక్క అదే.

సరే, అసలు విషయానికొస్తాను. 2021 చలికాలం. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి నేను ఊళ్ళోనే ఉన్నా. చెట్లు నడుము ఎత్తు పెరిగాయి, పూత విరగబూసింది. రెండు వారాల్లో చెట్టు కింద నేలంతా ఎండిన పూలు. నాయిన ఒక పువ్వు తెచ్చి నా లాప్‌టాప్ మీద పెట్టి అడిగిండు: "పువ్వు మంచిగనే ఉన్నది గదరా, కాయ ఎందుకు పడతలేదు?"

పూరేకులు విప్పి ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూస్తే నల్లటి గీతల్లాంటివి కదులుతున్నాయి. ఒక్కోటి మిల్లీమీటరు అంత. నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది, మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనబడింది. 2021లో తెలంగాణ, ఆంధ్ర మిరప మీద పడింది. అప్పటిదాకా మా వాళ్ళకు తెలిసిన తామర పురుగు ఆకు మీద ఉండేది, ఆకు పైకి ముడుచుకునేది. దానికి 'పై ముడత' అని పేరు కూడా ఉంది. ఇది అలా కాదు, నేరుగా పువ్వులో కాపురం పెడుతుంది. పుప్పొడి తింటుంది, రేకుల్నీ లోపలి లేత భాగాల్నీ గీకి రసం పీలుస్తుంది. పుప్పొడి కీలాగ్రానికి చేరే లోపే పని అయిపోతుంది.

ఇక్కడే పటం గీయడం పనికొస్తుంది. మందు కొడితే పడేది ఆకు మీద, పువ్వు వీపు మీద. పురుగు ఉండేదేమో తల వంచుకున్న పువ్వు లోపల. కోశస్థ దశకి వచ్చినవి నేలలోకి దిగిపోతాయి, అక్కడికీ మందు చేరదు. చచ్చేది తేనెటీగలు, తామర పురుగును తినే మిత్ర పురుగులు. మందుల దుకాణంలో మాత్రం వారానికో కొత్త డబ్బా. అంతకు ముందుదే పని చెయ్యలేదంటే "ఇది కలిపి కొట్టు" అనేవాళ్ళు. బగ్ ఏ మాడ్యూల్లో ఉందో చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేస్తూ పోవడం అంటే ఇదే. నీలం రంగు జిగురు అట్టలు పెట్టమని, ఒకే మందు మళ్ళీ మళ్ళీ కొట్టొద్దని శాస్త్రవేత్తలు చెప్పింది మా ఊరికి చేరేసరికి సంక్రాంతి దాటింది.

పక్క చేను ఆయన ట్రాక్టరు పెట్టి మొత్తం దున్నించేసిండు. ఆ చలికాలం మా జిల్లాలో మిరప రైతుల ఆత్మహత్యల వార్తలు పేపర్లో వరసగా వచ్చాయి. వాళ్ళలో కౌలు రైతులే నాకు ఎక్కువ గుర్తు, ఎందుకంటే మా నాయినా సగం కౌలుకే చేస్తున్నడు. 2022లో ధర బ్రహ్మాండంగా పెరిగింది, అమ్మడానికి కాయ ఉన్నవాడికి. మా ఇంట్లో ఆ ఏడు నా జీతం ఉంది కాబట్టి గడిచింది. జీతం లేని ఇళ్ళ సంగతి నేను రాయలేను.

పువ్వు పాఠం వస్తే పురుగు ఆగేదని నేననడం లేదు. ఎక్కడ చూడాలో తెలిసేది. పదో తరగతి పిల్లాడు బళ్ళో ఒక మిరప పువ్వు కోసి చూసి ఉంటే, ఇంట్లో మొదట రేకులు విప్పేది వాడే. మా వైపు బడికి మిరప, పత్తి పువ్వులు, కోనసీమ బడికి కొబ్బరి గెల, అనంతపురం బడికి వేరుశనగ. వేరుశనగ పువ్వు భూమి పైన పూసి, ఊడ దింపి, కాయ భూమిలో కాస్తుంది కదా, అంతకంటే గొప్ప పాఠం ఏముంటుంది? మందారం పటం సైడుకి ఉండనీయండి, మార్కులకి.

నాయిన ఇప్పుడు మిరప ఎకరానికి తగ్గించి మిగతాది మక్క వేస్తున్నడు. పొద్దున్నే పోయి అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు పూలు తెల్ల కాయితం మీద దులిపి, కదిలే చుక్కలు లెక్కపెట్టి నాకు ఫోన్ చేస్తడు. మొన్న శనివారం పది పూలకి మూడు. "ఇంకా ఏం కొట్టలే, చూస్తాన" అన్నడు.