ఉరిశిక్షపై అభిప్రాయం మారడం

హైదరాబాద్‌లోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల్లో ఘోరమైన నేరవార్త వచ్చిన రోజున "ఉరి తీయాలి" అనే మాట బలంగా వినిపించడం సహజమే గాని, నాంపల్లి క్రిమినల్ కోర్టుల న్యాయమూర్తులు అనుసరించవలసిన చట్టం మాత్రం ఆ మాటపై తన మనసును నెమ్మదిగా మార్చుకుంటూ వచ్చింది. 1967లో మరణశిక్షను కొనసాగించాలని చెప్పిన లా కమిషన్, అనగా చట్టాల సంస్కరణకు ప్రభుత్వానికి సలహాలిచ్చే సంస్థ, 2015 నాటి 262వ నివేదికలో ఉగ్రవాదం, యుద్ధ సంబంధ నేరాలు మినహా దానిని రద్దు చేయాలని సిఫారసు చేసింది.

మరణశిక్ష వేయాలంటే ప్రత్యేక కారణాలు రాయాలని 1973 నాటి నేర విచారణ స్మృతి నిర్దేశించగా, 1974లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఈడిగ అనమ్మ కేసులో సుప్రీంకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. 1980లో అదే కోర్టు ఇచ్చిన బచన్‌సింగ్ తీర్పు మరణశిక్షను "అత్యంత అరుదైన" కేసులకే, అంటే మరే శిక్షా సరిపోదని తేలిన వాటికే, పరిమితం చేసింది.

కొత్త ఆధారం ఎదురైనప్పుడు అభిప్రాయం మార్చుకోవడం బలహీనత కాదు, బాధ్యత. ఎందుకంటే తప్పుగా వేసిన జైలుశిక్షను మధ్యలో ఆపవచ్చు గాని, అమలైన ఉరిని వెనక్కి తీసుకోలేరు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 డిసెంబర్ 1న, భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు ఖైదీలను ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. ఆ జైలు ఉన్న చోట నేడు ప్రాణాలు నిలిపే గాంధీ ఆసుపత్రి ఉంది.