ఆ ఎనిమిది మందిలో మనమెక్కడ?

స్నాప్‌చాట్‌లో నెలనెలా డబ్బు కట్టేవాళ్లకు ఒక సౌరకుటుంబం దొరుకుతుంది. అందులో స్నేహితుడు సూర్యుడు, చూసేవాళ్లు గ్రహం. ఆ స్నేహితుడు అందరికన్నా ఎక్కువగా ఎవరితో స్నాపులు పంపుకుంటాడో ఆ ఎనిమిది మందిని యాప్ లెక్కగట్టి ఉంచుతుంది. మొదటి స్థానం దక్కితే బుధుడు, రెండోది శుక్రుడు, మూడోది భూమి, అలా వెళ్లి వెళ్లి ఎనిమిదో స్థానానికి నెప్ట్యూన్. తొమ్మిదోవాళ్లకు ప్లూటో గతే, లెక్కలో ఉండరు. గ్రహాలు చూసుకునే పెళ్లిళ్లు కుదుర్చుకునే మన వాళ్లకు ఇదేమంత వింతగా తోచకపోవచ్చు. అమెరికాలో బడి పిల్లలకు మాత్రం పెద్ద బెంగే పట్టుకుంది. నిన్నటి దాకా బుధుడిగా ఉన్నవాడు పొద్దున లేచేసరికి శుక్రుడైతే, మధ్యలో దూరిందెవరన్న ప్రశ్న మొదలవుతుంది.

2024 మార్చి చివర్లో వాల్ స్ట్రీట్ జర్నల్ ఈ పిల్లల బెంగ గురించి రాసింది. కొద్ది రోజులకే, ఏప్రిల్‌లో, కంపెనీ దిగివచ్చింది. సౌరకుటుంబం ఇకపై ఆఫ్‌లోనే ఉంటుంది, కావాలనుకున్నవాళ్లు ఆన్ చేసుకోవచ్చు అని ప్రకటించింది. పూర్తిగా మాత్రం తీసెయ్యలేదు. డబ్బు కట్టి మరీ చూసే సరుకును అంత తేలిగ్గా ఎవరు వదులుకుంటారు? ఈ స్నాప్‌చాట్ ప్లస్ అనే చందా 2022 జూన్‌లో అమెరికాలో నెలకు 3.99 డాలర్లతో మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో ఇండియాకు 49 రూపాయలకే వచ్చింది. మరుసటి ఏడాదికల్లా ఈ దేశంలో నెలకోసారైనా స్నాప్‌చాట్ తెరిచేవాళ్లు ఇరవై కోట్లు దాటారని కంపెనీయే చెప్పుకుంది. కాబట్టి ఇది అమెరికా పిల్లల గొడవ, మనకెందుకులే అనుకోవడానికి లేదు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. సౌరకుటుంబం అవతలివాళ్ల ఎనిమిది పేర్లనూ చూపించదు. చూసేవాళ్లకు వాళ్ల సొంత స్థానం ఒక్కటే చెబుతుంది. "వాడి క్లోజ్ ఫ్రెండ్స్ ఎవరు?" అని పైకి అడిగే ప్రశ్న వెనక "వాడి లిస్టులో నేనున్నానా?" అన్నదే అసలు ప్రశ్న అని ఆ కంపెనీకి బాగా తెలుసన్నమాట. మొదట్లో తెలియదు. తెలిసి రావడానికి నాలుగేళ్లు పట్టింది.

2011 జులైలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు మొదలుపెట్టినప్పుడు ఈ యాప్ పేరు పికబూ. సెప్టెంబరుకల్లా స్నాప్‌చాట్ అయింది. చూడగానే మాయమైపోయే ఫొటోలు దాని గొప్ప. ఫొటో మాయమయ్యేది, ఎవరికి పంపారో ఆ ఆనవాలు మాత్రం నిలిచేది. ఎందుకంటే ఆ తొలి రోజుల్లో ఎవరి పేరు మీద నొక్కినా వాళ్ల బెస్ట్ ఫ్రెండ్స్ పేర్లు మూడు బాహాటంగా కనిపించేవి. ఊరంతా చూడొచ్చు. రహస్యం కోసం పుట్టిన యాప్‌లో రహస్యం లేనిది అదొక్కటే. "రాత్రి తొందరగా పడుకున్నా" అన్న కుర్రాడి పేరు పక్కన తెల్లారేసరికి కొత్త పేరొకటి చేరితే ఇక సంజాయిషీ చెప్పుకునేందుకు ఏముంటుంది?

2015 జనవరిలో వచ్చిన అప్‌డేట్‌లో ఆ మూడు పేర్లూ ఎగిరిపోయాయి. పిల్లలు ఊరుకోలేదు. జాబితా ఉన్నప్పుడు దాని వల్ల కొట్టుకున్నవాళ్లే, అది పోగానే తిరిగి తెమ్మని గోల చేశారు. ఏప్రిల్‌లో కంపెనీ మధ్యేమార్గంగా ఎమోజీలు తెచ్చింది. పేర్లు ఉండవు, గుర్తులు మాత్రం ఉంటాయి. ఆ గుర్తుల లెక్క ఎంత గడుసుదో చూడాలి.

ఇద్దరూ ఒకరికొకరు నంబర్ వన్ అయితే పసుపు గుండె. రెండు వారాలు అలాగే నిలబడితే ఎర్ర గుండె, రెండు నెలలు దాటితే గులాబీ రంగు జంట గుండెలు. ఇంతవరకూ హాయి. అవతలివాళ్ల బెస్ట్ ఫ్రెండ్స్‌లో మనమున్నాం, మన వాళ్లలో వాళ్లు లేరు అనుకోండి, మొదట్లో పెదవి ఒక పక్కకు తిప్పి నవ్వే మొహం వచ్చేది. పాపం, ఆ నవ్వు కనిపించేది ఎక్కువ పంపినవాళ్లకు కాదు, తక్కువ పంపినవాళ్లకు. నల్ల కళ్లద్దాల మొహం ఉంటే ఇద్దరికీ ఉమ్మడి బెస్ట్ ఫ్రెండ్ ఒకరున్నారని అర్థం. అన్నిటికన్నా గడుసుది పళ్లికిలించే మొహం. మీ నంబర్ వన్ ఎవరో, అవతలివాళ్ల నంబర్ వన్ కూడా వాళ్లే అని దాని అర్థం.

ఈ చివరి దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఒకమ్మాయి ఫోన్‌లో పక్క బెంచీ స్నేహితురాలి పేరు ఎదుట పళ్లికిలించే మొహం వచ్చిందనుకుందాం. తన నంబర్ వన్ ఎవరో ఆ అమ్మాయికి తెలుసు, జాబితాలో పైనున్న కుర్రాడే. అంటే పక్క బెంచీ అమ్మాయి నంబర్ వన్ కూడా అతనే. యాప్ అతని పేరు ఎక్కడా చెప్పలేదు, అయినా చెప్పేసింది. ఇప్పుడు కుర్రాడి పేరు పక్కన పసుపు గుండె ఉందా చూడాలి. ఉంటే అతని నంబర్ వన్ తనే, పక్క బెంచీ అమ్మాయిది ఒంటరి ఆరాటం. గుండె లేకపోతే? అతని నంబర్ వన్ తను కాదు. పక్క బెంచీ అమ్మాయి కావచ్చు, ఇంకెవరైనా కావచ్చు. రెండు గుర్తులతో ముగ్గురి కథ బయటపడింది. ఇంటర్ లెక్కల్లో ఎక్స్ విలువ తేల్చలేని పిల్లలు కూడా ఈ లెక్కను కాలేజీ బస్సు దిగేలోపు తేల్చేస్తారు.

ఇది చాలనివాళ్లు స్నాప్ స్కోర్ పట్టుకుంటారు. పంపినవీ అందుకున్నవీ కలిపి పెరిగే ఆ అంకె స్నేహితులకు కనిపిస్తుంది. తన మెసేజ్‌కు గంట నుంచి జవాబు లేదు, ఈలోగా అవతలి అంకె నలభై పెరిగింది. ఇంకేం కావాలి? "బిజీగా ఉన్నా" అన్న అబద్ధానికి సాక్షి దొరికింది. ఆ నలభైలో ముప్పై ఏదో గోడ ఫొటో తీసి, స్ట్రీక్ తెగకుండా వరసబెట్టి అందరికీ పంపినవే కావచ్చన్నది ఆ క్షణంలో తట్టదు. వరసగా రోజూ ఇద్దరూ ఒకరికొకరు ఒక్క స్నాపైనా పంపుకుంటేనే నిప్పు గుర్తు పక్కన అంకె నిలుస్తుంది. అందుకే నున్నటి గోడలూ, చీకటి గదుల సీలింగులూ లక్షలాదిగా అటూ ఇటూ తిరుగుతుంటాయి. యాప్ వాటిని కూడా ఆప్యాయతే అనుకుంటుంది. దానికి తేడా తెలియదు మరి.

ఈ కుతూహలం మీద బతికే బేరాలు వేరే ఉన్నాయి. మీ స్నేహితుల బెస్ట్ ఫ్రెండ్స్‌ను చూపిస్తాం, పాస్‌వర్డ్ ఇవ్వండి అనే సైట్లకు కొదవ లేదు. 2014 అక్టోబరులో స్నాప్‌చాట్ ఫొటోలు కుప్పలుగా బయటపడ్డాయి. అవి జారింది కంపెనీ సర్వర్ల నుంచి కాదు, స్నాపులు దాచిపెడతామని చెప్పి లాగిన్లు పుచ్చుకున్న బయటి సైటు నుంచి. దానికి ముందు, ఆ ఏడాది జనవరి ఒకటిన, 46 లక్షల మంది యూజర్ల పేర్లూ ఫోన్ నంబర్లూ ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమయ్యాయి. నంబర్లలో చివరి రెండంకెలు చెరిపి పెట్టారు, అదొక దయ. ఆ దొంగలు దూరిన సందు ఏదనుకున్నారు? కాంటాక్ట్స్ చూసి స్నేహితులను వెతికిపెట్టే సదుపాయం.

ఎవరు ఎవరికి దగ్గర అని గీతలు గీసి చూడటం ఫోన్ల కాలంలో పుట్టింది కాదు. 1932లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్‌లో ఆడపిల్లల శిక్షణ పాఠశాల నుంచి రెండు వారాల్లో 14 మంది పారిపోయారు. అక్కడ పనిచేసిన జేకబ్ మొరెనో అనే మానసిక వైద్యుడు వాళ్ల గుణాలను తవ్వలేదు. ఎవరు ఎవరితో కలిసి ఉండాలని కోరుకుంటున్నారో అడిగి, పిల్లలను చుక్కలుగా, ఇష్టాలను గీతలుగా కాగితం మీద వేశాడు. ఎవరి మాట ఎవరి దాకా వెళుతుందో, పారిపోవాలన్న ఆలోచన ఏ దారిన పాకిందో ఆ గీతల్లో కనిపిస్తుందన్నాడు. 1933 ఏప్రిల్‌లో అలాంటి పటం న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయింది. బడి పిల్లలను పక్కన ఎవరు కూర్చోవాలని అడిగినప్పుడు అతనికి ఒక దృశ్యం ఎదురైంది: ఒక్క గీత కూడా వచ్చి తగలని చుక్కలు. మొరెనో ఆ పటాలను పిల్లల చేతికి ఇవ్వలేదు. ఎవరిని ఎవరితో ఉంచాలో చూసుకోవడానికి పెద్దవాళ్లు వాడుకున్నారు. స్నాప్‌చాట్ అదే పటంలో ఎవరి ముక్క వాళ్లకు కోసి, బుధుడూ నెప్ట్యూనూ అని పేర్లు పెట్టి చేతికిచ్చింది.

మన వాళ్లలో ఇప్పుడు నలభైల్లో ఉన్నవాళ్లకు ఇదే పని ఆర్కుట్ నేర్పింది. 2004లో మొదలై 2014 సెప్టెంబరు 30న మూతపడిన ఆ సైటుకు బ్రెజిల్ తర్వాత బ్రహ్మరథం పట్టింది ఇండియానే. అందులో ఇద్దరి మధ్య మాటలు స్క్రాప్‌బుక్‌లో అందరికీ కనిపించేలా ఉండేవి. కాకపోతే ప్రశ్న ఒకరి పుస్తకంలో, జవాబు ఇంకొకరి పుస్తకంలో. నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి, రెండు కిటికీలు పక్కపక్కన తెరుచుకుని, అటో వాక్యం ఇటో వాక్యం కలిపి చదివితే మొత్తం సంభాషణ తయారు. ఆర్కుట్ మళ్లీ "మీ ప్రొఫైల్ ఎవరు చూశారో" కూడా చెప్పేది. దాంతో గూఢచారి గుట్టు కూడా రట్టయ్యేది. మనం చూసింది అవతలివాళ్లకు తెలుస్తుందన్న భయం ఉన్న రోజుల్లో కుతూహలానికి కాస్త మర్యాద ఉండేది. ఇప్పటి చాలా యాప్‌లలో ప్రొఫైల్ చూసేవాళ్ల మొహం కనిపించదు.

ఇంతకీ పంపుకున్న స్నాపుల లెక్క దగ్గరితనాన్ని పట్టుకోగలదా? 2013లో ఫేస్‌బుక్‌కు చెందిన లార్స్ బ్యాక్‌స్ట్రామ్, కార్నెల్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జాన్ క్లైన్‌బర్గ్ వేరే దారిలో వెళ్లారు. సుమారు 13 లక్షల మంది ఫేస్‌బుక్ యూజర్ల స్నేహాల అల్లికను మాత్రమే చూసి, వాళ్లలో ఎవరి భర్త లేదా భార్య లేదా ప్రేమికులు ఎవరో చెప్పగలమా అని ప్రయత్నించారు. ఎవరితో ఉమ్మడి స్నేహితులు ఎక్కువో వాళ్లే అనుకుంటే లెక్క తప్పింది, నాలుగింట ఒక్కటే కుదిరింది. ఎందుకో ఆలోచిస్తే తేలికే. ఇంజినీరింగ్ బ్యాచ్‌మేట్‌తో ఉమ్మడి స్నేహితులు నూట యాభై మంది ఉండొచ్చు, అందరూ ఆ బ్యాచ్ వాళ్లే. భార్య సంగతి వేరు. ఆమెకు పెదనాన్న కొడుకు తెలుసు, ఆఫీసు క్యాబ్‌లో పక్క సీటతను తెలుసు, ఊళ్లో చదువు చెప్పిన మాస్టారు తెలుసు. ఆ ముగ్గురూ ఒకరినొకరు ఎరగరు. ఇలా ఒకరికొకరు సంబంధం లేని గుంపులన్నిటిలోనూ ఎవరికి తలా ఒక పరిచయం ఉందో చూస్తే, పెళ్లయినవాళ్ల విషయంలో పదింట ఆరుసార్లు మనిషిని సరిగ్గా పట్టేశారు. ఒక్క మెసేజ్ కూడా చదవకుండానే. తాము ఫలానావాళ్లతో కలిసి ఉన్నామని ప్రకటించుకున్నా ఈ అల్లికలో ఆ జత కనిపించని జంటలు తర్వాత రెండు నెలల్లో విడిపోయే అవకాశం ఎక్కువని కూడా వాళ్లు గమనించారు.

స్నేహాల సంగతి ఇంకా ఇబ్బందికరం. 2016లో ఎంఐటీ, టెల్ అవీవ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒకే కోర్సు చదువుతున్న 84 మందిని ఒకరికొకరు ఎంత దగ్గరో మార్కులు వేయమన్నారు, అవతలివాళ్లు తమకు ఎన్ని వేస్తారో కూడా ఊహించమన్నారు. తాము స్నేహితులనుకున్నవాళ్లలో 94 శాతం మంది తమనూ స్నేహితులుగానే చెబుతారని అనుకున్నారు. నిజానికి చెప్పింది 53 శాతం మందే. 84 మంది చిన్న గుంపే, దాని మీద సిద్ధాంతాలు కట్టక్కర్లేదు. కానీ వాళ్ల చేతుల్లో ఆ రోజు సౌరకుటుంబం లాంటిది ఉండి ఉంటే, తరగతిలో సగం స్నేహాలకు లెక్క చెప్పుకోవాల్సి వచ్చేది.

నెప్ట్యూన్లూ బుధుళ్లూ తెలియని పెద్దలు కూడా ఈ పనికి దూరమేం కాదు. వాట్సాప్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి స్టోరేజ్ నొక్కితే, ఏ చాట్ ఎంత జాగా తింటోందో పెద్దది ముందు, చిన్నది తర్వాత అని వరస కనిపిస్తుంది. ఫోన్ నిండిపోయిందని పాత వీడియోలు చెరిపేసుకోవడానికి ఇచ్చిన సదుపాయం అది. ఇంట్లో ఇంకో రకంగా కూడా పనికొస్తోంది. "మీ ఫోన్ ఇలా ఇవ్వండి, ఫుల్ అయినట్టుంది, క్లీన్ చేస్తా" అని భార్య చెయ్యి చాపినప్పుడు, మాటలు చెరిపేసి ఫొటోలు చెరపడం మరిచిన భర్తకు గుండె ఝల్లుమంటుంది. చాలా ఇళ్లలో ఆ వరసలో పైన ఉండేది మాత్రం రోజుకు పాతిక గుడ్ మార్నింగులూ, అరగంట ప్రవచనం వీడియోలూ పంపే బాబాయిగారే.