తంతి బల్ల మీది అమానతు

ఈనాటి పిల్లలకు టెలిగ్రాం అంటే ఫోనులో ఉండే ఒక యాప్ మాత్రమే. ‘తంతి వచ్చింది’ అన్న ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ ప్రాణాలు అరచేత పెట్టుకుని వాకిట్లోకి వచ్చే రోజులను వారు చూడలేదు. 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరు వరకు ప్రయోగంగా వేసిన తీగతో మన దేశంలో మొదలైన ఆ సేవ 2013 జూలై 14తో ముగిసింది. చేతితో వార్త పంపే మోర్స్ కీ అంతకంటే చాలా ముందే బల్లల మీద నుంచి తొలగిపోయింది. దాని స్థానంలో టెలిప్రింటర్లు, ఆ తరువాత కంప్యూటర్లు వచ్చాయి. అయినా ఆ కీ వద్ద కూర్చున్నవారు పాటించిన ఒక నియమం మన ఇళ్లకు మునుపటికంటే ఇప్పుడే ఎక్కువ అవసరమని నాకనిపిస్తోంది. అందుకే నాకు తెలిసినంతలో ఆ విద్యను గురించి పాఠకులతో నాలుగు మాటలు పంచుకుంటున్నాను.

మా మేనమామ ఆత్మకూరులో చాలాకాలం తంతి బల్ల దగ్గర పనిచేశారు. చిన్న ఊళ్లలో తపాలా, తంతి ఒకే గదిలో ఉండేవి. స్టాంపులు అమ్మే చెయ్యే మనియార్డర్లు రాసేది. ఆ చెయ్యే కీ నొక్కేది. చెక్క దిమ్మె మీద ఒక ఇత్తడి కడ్డీ, దాని కింద స్ప్రింగు, చివర వేళ్లతో పట్టుకోవడానికి ఒక నల్లని గుండీ. కీ అంటే ఇంతే. నొక్కితే రెండు లోహపు మొనలు తాకి విద్యుత్తు ప్రవహిస్తుంది, వదిలితే ఆగుతుంది. అవతలి ఊళ్లో సౌండర్ అనే పరికరం ఉంటుంది. విద్యుత్తు రాగానే అందులోని అయస్కాంతం ఇనుప పట్టీని లాగి ‘టక్కు’మంటుంది, విద్యుత్తు ఆగగానే పట్టీ పైకి లేచి మరోసారి ‘టక్కు’మంటుంది. ఆ రెండు చప్పుళ్ల మధ్య ఎడం తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. వినేవారు ఆ ఎడాన్నే అక్షరాలుగా చదువుకోవాలి.

నేను తమిళనాడులోని అరబీ మదర్సాలో చదివే రోజుల్లో, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా మామూ వద్ద ఈ విద్య నేర్చుకున్నాను. చుక్కలు, గీతలు రాసిన పట్టిక ఇమ్మని అడిగితే ఆయన ఇవ్వలేదు. “కంటితో నేర్చుకుంటే ముందు పట్టిక గుర్తుకొస్తుంది, ఆ తరువాతే అక్షరం గుర్తుకొస్తుంది. ఈలోగా మరో మూడక్షరాలు దాటిపోతాయి బేటా. చెవితో నేర్చుకో” అనేవారు. చుక్కను ‘డి’ అని, గీతను ‘డా’ అని నోటితో పలికి వినిపించేవారు. ఇంగ్లీషు ‘ఏ’ అంటే ‘డి డా’. ‘ఎన్’ అంటే ‘డా డి’. మొదట రెండే అక్షరాలు. అవి తడబాటు లేకుండా పట్టుబడ్డాకే మూడోది. జర్మనీకి చెందిన లుడ్విగ్ కోఖ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1930లలో ఇదే తీరు పద్ధతిని రూపొందించారని చాలా ఏళ్ల తరువాత చదివాను. నేర్పవలసిన వేగంతోనే రెండక్షరాలు వినిపించడం, పదింట తొమ్మిది సరిగా గుర్తించాక మరొకటి చేర్చడం ఆ పద్ధతి.

ఈ లిపికి వ్యాకరణమంతా కాలమే. చుక్క ఒక మాత్ర అనుకుంటే గీత మూడు మాత్రలు. ఒకే అక్షరంలోని గుర్తుల నడుమ విరామం ఒక మాత్ర, అక్షరాల నడుమ మూడు, పదాల నడుమ ఏడు. ఒంటి చుక్క ‘ఈ’ అవుతుంది, ఒంటి గీత ‘టీ’ అవుతుంది. కనుక ‘డి డా’ నడుమ విరామం కాస్త సాగితే ‘ఏ’ మాయమై ‘ఈ’, ‘టీ’ అనే రెండక్షరాలు పుడతాయి. వేగాన్ని కొలవడానికి ‘పారిస్’ అనే మాటను ప్రమాణంగా తీసుకుంటారు. ఇంగ్లీషులో రాసిన ఆ మాటకు చివరి విరామంతో కలిపి సరిగ్గా 50 మాత్రలు. నిమిషానికి 8 పదాలు పంపాలంటే ఒక్కో మాత్ర 0.15 సెకను. ఆ చిన్న కొలత మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు మారకూడదు.

తజ్వీద్ బోధించే నాకు ఈ శిక్షణ పరాయిగా తోచలేదు. ఖుర్ఆన్ పఠనంలోనూ దీర్ఘాలకు లెక్క ఉంది. సహజమైన మద్ద్‌ను రెండు హరకత్‌ల పాటు పలకాలి. కొన్ని చోట్ల అది ఆరు వరకు సాగుతుంది. ఈ లెక్కలు పుస్తకంలో దొరుకుతాయి. కానీ ఉస్తాద్ నోటి నుంచి విని, తిరిగి ఆయనకు వినిపించి, సరిదిద్దించుకుంటే తప్ప నాలుకకు పట్టుబడవు. మామూ కూడా నా ప్రతి పాఠాన్నీ అలాగే ఒప్పజెప్పించుకునేవారు.

వినడం ఒక ఎత్తు, పంపడం మరొక ఎత్తు. వేళ్లతో పొడిచినట్లు కొడితే చేయి త్వరగా అలసిపోతుంది. గుండీని మెత్తగా పట్టుకుని, ముంజేతిని బల్ల మీద ఆనించి, మణికట్టును ఆడించాలి. రోజంతా కీ నొక్కేవారికి చేతి కండరాలు బిగుసుకుపోయే జబ్బు వచ్చేది. బ్రిటన్‌లో 1908లోనే దానిని పరిహారం పొందదగిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చారు. పంపేటప్పుడు అక్షరం తప్పితే వరుసగా ఎనిమిది చుక్కలు కొట్టి, సరిగా పంపిన చివరి మాట నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. తప్పును కప్పిపుచ్చి ముందుకు సాగడానికి వీల్లేదు. చేతిరాత లాగే ఒక్కొక్కరి కీ నడకకు ఒక్కో తీరు ఉంటుంది. నిత్యం వినేవారు పేరు చెప్పకముందే అవతల ఎవరున్నారో పోల్చుకుంటారు.

మామూ చేసిన పనిలో అన్నిటికంటే కష్టమైన రోజు ఒకటుంది. అప్పటికి నాకు పదకొండేళ్లు. మామూకు ఒక అన్నయ్య ఉండేవారు. ఆయన మద్రాసులో పనిచేస్తూ అక్కడే ఆసుపత్రిలో చేరారు. ఒకరోజు ఉదయం ఆత్మకూరు బల్ల మీద సౌండర్ మోగింది. మామూ పెన్సిలు తీసుకుని రాయసాగారు. చిరునామా ఉదయగిరిది. పేరు మా నానాజాన్‌ది, అంటే మామూ తండ్రిగారిది. తరువాత వచ్చిన మాటలు ఆయన అన్నయ్య మరణవార్త.

మామూ చివరి అక్షరం వరకు రాసుకున్నారు. మాటలు లెక్కపెట్టి సరిచూసుకున్నారు. అందిందని జవాబిచ్చారు. ఆ వార్తను ఉదయగిరికి పంపవలసింది ఆయనే. తన అన్న మరణవార్తను తన చేతితోనే, ఒక్కొక్క అక్షరంగా, తన తండ్రి ఉన్న ఊరికి పంపారు. అవతలి గుమాస్తా ‘అందింది’ అనడానికి గుర్తుగా చుక్క, గీత, చుక్క పంపారు. ఆ తరువాత కాసేపు ఆ తీగ మీద ఏ చప్పుడూ లేదు. కిటికీ దగ్గర వేచి ఉన్న ఇద్దరి పనులు ముగించి, సెలవు రాసిచ్చి, మామూ ఇంటికి వచ్చారు.

ఆనాడు మా అమ్మీ, నేను ఆత్మకూరులో మామూ ఇంట్లోనే ఉన్నాము. “ఉదయగిరికి వెళ్దాం, బయలుదేరు ఆపా” అన్నారు ఆయన. ఎందుకని అమ్మీ ఎన్నిసార్లు అడిగినా బస్సులో పెదవి విప్పలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఉదయగిరి కొండ కనిపించినప్పుడు మాత్రం రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. మేము ఇంటికి చేరేసరికి టెలిగ్రాం నానాజాన్ చేతిలో ఉంది.

ఆ ప్రయాణపు మౌనాన్ని అమ్మీ చాలాకాలం మరచిపోలేదు. “అన్న పోయాడని తెలిసీ నా పక్కన రాయిలా కూర్చున్నాడు” అనేది. పెద్దయ్యాక నేనే ఒకసారి మామూను అడిగాను. ఆయన జవాబు చిన్నది. “బేటా, ఆ మాట నాది కాదు. అబ్బాజాన్ పేరు మీద వచ్చింది. ఆయనకంటే ముందు దాన్ని ఎవరికి చెప్పినా, ఆయన సొత్తు తీసి పంచినట్టే.”

ఉద్యోగానికి సంబంధించిన చట్టం కూడా అదే చెప్పేది. 1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం తంతి ఉద్యోగి వార్తను మార్చినా, అనధికారంగా ఇతరులకు వెల్లడించినా శిక్షార్హుడు. కానీ ఆ బస్సులో చట్టం కాపలా కాయడం లేదు. సొంత అక్క పక్కనే కూర్చుని అడుగుతోంది. చెబితే ఆయన గుండె బరువు సగం తగ్గేది. అమానతు అనే మాటకు నేను తరగతిలో ఎన్నో ఉదాహరణలు చెబుతుంటాను. వాటిలో ఇంత దగ్గరగా చూసినది మరొకటి లేదు. మామూ చేసినది సరేనా, అక్కతో కలిసి ఏడవవలసింది కాదా అని పాఠకులలో కొందరికి అనిపించవచ్చు. నాకూ కొన్ని రాత్రులు అలాగే అనిపించింది.

ఆ బల్ల మీద దుఃఖమే నడవలేదు. శుభాకాంక్షలకు తంతి శాఖ తక్కువ ఖర్చుతో ఒక ఏర్పాటు చేసింది. ముందుగా కూర్చిన వాక్యాలకు అంకెలు ఇచ్చింది. దీపావళి శుభాకాంక్షలది 1వ అంకె, ఈద్ ముబారక్‌ది 2వ అంకె. పంపేవారు అంకె చెబితే చాలు, అవతల పూర్తి వాక్యం రాసి ఇచ్చేవారు. మోర్స్‌లో రెండు అంటే రెండు చుక్కలు, మూడు గీతలు. పండుగ దగ్గరపడిందంటే మామూ చెయ్యి రోజంతా ‘డి డి డా డా డా’ అంటూనే ఉండేది. ఎక్కడో ఉన్న కొడుకు పంపిన ఈద్ ముబారక్ ఆ ఐదు గుర్తులుగా వచ్చి ఇక్కడి తల్లి చేతిలో కాగితమయ్యేది.

ఇక ఇటీవలి సంగతి. 2021 నవంబరు వరదలు మన జిల్లావాసులకు గుర్తుండే ఉంటాయి. ఎగువన కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్న పొంగింది. పడుగుపాడు వద్ద రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి. మా చెల్లెలి ఊరు పెన్న ఒడ్డున ఉంది. వారి ఫోన్లు పలకలేదు. ఆ సమయంలో ఆ ఊరు మొత్తం కొట్టుకుపోయిందన్న వార్త మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఎవరు మొదట రాశారో ఎవరికీ తెలియదు. గంటలో పదిమంది పంపారు. కొందరు ఏడ్చే బొమ్మలు కూడా జోడించారు. ఎనభైకి దగ్గరపడిన అమ్మీ చేతిలో ఎవరో ఆ ఫోను పెట్టారు. ఆమె ఆ రాత్రంతా జానమాజ్ మీది నుంచి లేవలేదు. మరునాటి సాయంత్రం చెల్లెలే ఫోను చేసింది. వారంతా ఊళ్లోని బడి మేడ మీద క్షేమంగా ఉన్నారు.

ఫోను పెట్టేశాక అమ్మీ చాలాసేపు మౌనంగా ఉంది. “ఆనాడు నా తమ్ముడు బస్సులో ఎందుకు మాట్లాడలేదో ఇప్పుడు తెలిసింది” అంది. ఆ మాట వినడానికి మామూ అప్పటికి ఈ లోకంలో లేరు.

నిజమైన వార్తను కూడా హక్కుదారుకు చేరేదాకా నోట దాచుకున్న మనిషి ఒకవైపు. నిజమో కాదో చూడకుండానే వేలితో పదిమందికి తోసేసే మనం మరొకవైపు. కీ మీద ఒక్క మాట పంపాలంటే ప్రతి అక్షరానికీ చెయ్యి కష్టపడాలి. ఆ కష్టంలో మాట బరువు తెలిసేది. ఇప్పుడు వేలికి ఆ బరువు తెలియడం లేదు.

ఆ వరదల తరువాత నేను మళ్లీ కీ ముందు కూర్చున్నాను. తీగలు, టవర్లు పడిపోయినా రేడియో పనిచేస్తుంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం భారతీ ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. అండమాన్ నుంచి ఎందరి క్షేమ సమాచారమో వారి రేడియో ద్వారా దేశానికి అందింది. రేడియోలో ప్రసారం చేయడానికి ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. 2009లో సవరించిన నిబంధనలు ఇందులో రెండు తరగతులు పెట్టాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అవసరం లేదు. జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో వినడం, పంపడం రావాలి. ఇంట్లో బజరు పెట్టుకుని సాధన చేయడానికి మాత్రం ఏ అనుమతీ అక్కరలేదు.

మా మదర్సాలో కీ ఖరీదైనదేమీ కాదు. ఆక్సా బ్లేడు ముక్క ఒకటి, రెండు ఇత్తడి మరలు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక బజరు. దిమ్మెను మాత్రం ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే ఒక కుటుంబం నర్ది చెక్కతో నునుపుగా చేసి ఇచ్చింది. అస్ర్ నమాజు తరువాత ఆసక్తి ఉన్న పిల్లలు పావుగంట కూర్చుంటారు. ఒకరికి చీటీ మీద ఒక వాక్యం రాసి ఇస్తాను. అతడు పంపుతాడు, రెండోవాడు విని రాసుకుంటాడు. ఒక్క అక్షరం కూడా మారకూడదు. ఆ చీటీ మూడోవాడి పేరు మీద ఉంటుంది. అది అతడి చేతికి అందేదాకా రాసుకున్నవాడు దానిలోని మాట ఎవరికీ చెప్పకూడదు.

మొదటి నియమం పిల్లలకు వారంలో అలవాటైంది. రెండోదానికి నెలలు పట్టాయి. ఒక పిల్లవాడు ఈమధ్య చీటీ మడిచి జేబులో పెట్టుకుని, చుట్టూ స్నేహితులు ఎంత బతిమాలినా చెప్పక, జ్వరంతో ఇంట్లో ఉన్న తోటి విద్యార్థి వద్దకు నడిచి వెళ్లి ఇచ్చి వచ్చాడు. చీటీలో ఉన్నది రేపటి పాఠం ఏ పేజీలో మొదలవుతుందన్న సంగతి మాత్రమే.