ఐదు సెంట్లలో నాలుగు కొమ్మలు

పెరట్లో నిమ్మజాతి చెట్టు వేసుకోవాలనుకునేవాళ్లు ముందు అడగాల్సింది వేరు గురించి. సంతలో మొక్కల బండి దగ్గర బత్తాయి బొమ్మ పెద్దగా కట్టి ఉంటుంది. ఏ వేరు మొక్క మీద అంటు కట్టారని అడిగితే చాలామంది బొమ్మనే చూపిస్తారు. బత్తాయిని ఎక్కువగా రంగపూర్ నిమ్మ మీదో, జంబేరి మీదో కడతారు. రెండూ పుల్లని కాయలు, ముళ్ల మొక్కలు. పండు కోసం వాటిని ఎవరూ పెంచరు. కానీ వాటి వేరు మొండిది. పైన కట్టిన కన్ను బత్తాయిదైతే బత్తాయే కాస్తుంది, కింది పులుపు పైకి రాదు. మా బళ్లో పిల్లలు ప్రతి ఏడూ ఇది నమ్మరు. “వేరు తాగే నీళ్లు పుల్లగా ఉండవా టీచర్?” అని అడుగుతారు.

ఒకే చెట్టుకి ఐదు రకాల పండ్లు అని కూడా అమ్ముతున్నారు. ఆ బొమ్మలో మామిడి, సపోటా, బత్తాయి పక్కపక్కనే వేలాడుతుంటే మాత్రం డబ్బులు తీయకండి. మామిడి కన్ను నిమ్మ కొమ్మకి అతకదు. నిమ్మజాతిలోవైతే దాదాపు అన్నీ ఒకదాని మీద ఒకటి అతుకుతాయి. నిమ్మ, దబ్బ, బత్తాయి, కమలా, పంపర పనస, ఏదైనా సరే. చోటు లేనివాళ్లకి ఇది మంచి ఉపాయం. మాకూ చోటు లేకనే ఇది అవసరమైంది.

మాది గోదావరి ఒడ్డు కోయ ఊరు. ప్రాజెక్టు ముంపులో పోయింది. అక్కడ మా పెరడు ఎంతో మేం ఎప్పుడూ కొలవలేదు, కంచె ఎక్కడ ఆగితే అక్కడిదాకా పెరడే. కాలనీలో ఇచ్చిన స్థలం ఐదు సెంట్లు. అందులోనే ఇల్లు, మరుగుదొడ్డి, నీళ్ల తొట్టి. చెట్ల లెక్క రాయడానికి వచ్చినవాళ్లు మామిడికి ఒక గడి, టేకుకి ఒక గడి చూసి నింపారు. మా దబ్బ, పంపర పనస ‘ఇతర పండ్ల చెట్లు’ అన్న గడిలోకి పోయాయి. మా అమ్మ ఆ కాగితాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది. “ఇతర అంటే ఏంది?” అంది. తెలుగులో ఆ మాటకి అర్థం చెప్పగలిగాను గానీ, కోయలో చెప్పడానికి మాట దొరకలేదు.

స్థలం చూపించిన ఏడాదిన్నరకి గానీ మేం ఊరు వదల్లేదు. ఆ మధ్యలో కడియం వెళ్లి రెండు రంగపూర్ నిమ్మ మొక్కలు తెచ్చి, ఇంకా గోడలు లేవని ఆ స్థలంలో నాటాను. రెండిట్లో ఒకటి నిలిచింది. మోకాలి ఎత్తులో దాని తల తుంచితే పక్కల నుంచి కొమ్మలు లేచాయి. నాలుగు ఉంచి మిగతావి తీసేశాను. కన్ను కట్టే పని నేర్పింది అక్కడి నర్సరీలో పనిచేసే ఒక పెద్దాయన. “టీచరమ్మ చేతికి కత్తి ఎందుకమ్మా” అని నవ్వుతూనే, వంద పుల్లల మీద సాధన చేయించాడు.

నాలుగు కొమ్మలకి ఏ నాలుగు? అసలు చిక్కంతా అక్కడే.

నిమ్మకి కొమ్మ ఇవ్వక్కర్లేదని ముందే తేల్చాను. నిమ్మ గింజ ఒకటి నాటితే తరచుగా రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో చాలావరకు తల్లి చెట్టులాగే కాస్తాయి. ఆలస్యమైనా ఫరవాలేదనుకుంటే నిమ్మని కొంగున కట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. పంపర పనస అలా కాదు. గింజకి ఒకే మొలక. అది తల్లికీ, ఏ పక్కింటి చెట్టు పుప్పొడికో పుట్టిన బిడ్డ. కాసేదాకా రుచి తెలీదు. కాబట్టి మా ఎర్రగుజ్జు పంపర పనసకి ఒక కొమ్మ, పెద్దమ్మ ఇంటి తెల్లగుజ్జు దానికి ఒకటి. మూడోది దబ్బకి. జ్వరం పడి లేచిన నోటికి జావలో నంజుకోవడానికి దబ్బకాయ ఊరగాయే కావాలంటుంది అమ్మ. ఆ చెట్టు నానమ్మ కాపురానికి వచ్చేసరికే ఉందట.

నాలుగోది నాన్న వేసిన బత్తాయికని ఇంట్లో అందరూ అనుకున్నారు. నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు. తమ్ముడైతే, “అక్కా, అన్నీ పుల్లటివే తెస్తే పిల్లలేం తింటారు? నాన్న చెట్టు తే” అన్నాడు.

నేను ఆ చెట్టు ఆకులు కోసి ఎండకి ఎదురుగా పట్టుకుని చూశాను. జింకు తక్కువైతే ఆకు ఈనెకి రెండు పక్కలా ఒకే తీరుగా పసుపు తిరుగుతుంది. ఈ ఆకుల్లో ఒక పక్క మచ్చ ఒక తీరు, రెండో పక్క మరో తీరు. కాయలు చిన్నవై, ఒక పక్కకి వంకర తిరిగాయి. కింది భాగం పండకుండా పచ్చగానే ఉండిపోయింది. కోసి చూస్తే గింజలు నల్లబడి తాలు. ఇవన్నీ కలిసి కనబడితే అది గ్రీనింగ్ తెగులే అనుకోవాలి. దానికి మందు లేదు. చిన్న పురుగు ద్వారానూ పాకుతుంది, అంటు కన్ను ద్వారానూ వస్తుంది. విడి చెట్టయితే అదొక్కటే పోయేది. నాలుగు రకాలు ఒకే ఒంటి మీద ఉన్నప్పుడు ఒక కొమ్మ జబ్బు నాలుగింటికీ పోతుంది. పలు పండ్ల చెట్టు గురించి అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఇదే.

నాన్న చెట్టు కన్ను తేనని చెప్పాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, “నీళ్లలో మునిగిపోయేదానికి జబ్బు వంక పెట్టావు” అంది. జబ్బు నిజమేనని ఆకు చూపించాను. చూడలేదు. నాలుగో కొమ్మకి నర్సరీ నుంచి బత్తాయి పుల్ల కొని తెచ్చాను.

జూన్ మొదటి వానకి ఊళ్లో పుల్లలు కోశాను. పెన్సిలంత లావు, గుండ్రంగా ఉన్న కొమ్మలు. ఆకులు తుంచి తొడిమలు మాత్రం ఉంచి, తడిగుడ్డలో చుట్టి, లాంచీలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అంతకు ముందు వారం వేరు మొక్కకి బాగా నీళ్లు పెట్టించాను, బెరడు సులువుగా విడవాలని. కొమ్మ మీద ఇంగ్లీషు టీ అక్షరంలా గాటు పెట్టి, కన్నుని లోపలికి జార్చి, కన్ను బయటికి కనబడేలా ప్లాస్టిక్ పట్టీ చుట్టాలి. మూడు వారాలకి తొడిమని వేలితో తాకితే రాలిపోవాలి. రాలితే కన్ను బతికినట్టు. ఎండి అంటుకుపోతే చచ్చినట్టు. మావి మూడు రాలాయి. తెల్ల పంపర పనస తొడిమ ఎండిపోయింది. అప్పటికి ఊళ్లోకి నీళ్లు వచ్చేశాయి. అదృష్టం, పెద్దమ్మ కొడుకు గుడ్డలో మిగిలిన పుల్లని ఇంకో మొక్కకి కట్టి ఉంచాడు. ఏడాది తర్వాత దానినుంచి తెచ్చి కట్టాను.

కట్టడం ఒక రోజు పని, కాపలా ఏళ్ల పని. అన్ని కొమ్మలూ ఒకే జోరుతో ఎదగవు. బత్తాయి మెల్లగా పోతుంది, పంపర పనస దున్నపోతులా పోతుంది. అందుకని బత్తాయిని దక్షిణం పక్క కొమ్మకి కట్టాను, ఎండ దానికే ముందు తగలాలని. పంపర పనసలు ఉత్తరానికి. అయినా ఏడాదికి రెండుసార్లు వాటిని కోసి అదుపులో పెట్టాలి. అన్నింటికంటే గట్టి శత్రువు కింది వేరు మొక్కే. అతుకు కింద ఎక్కడైనా చిగురు తొంగిచూస్తే, లేతగా ఉండగానే బొటనవేలితో నలిపేయాలి. నెల రోజులు వదిలేస్తే ముళ్ల కొమ్మై, తెచ్చుకున్నవాటిని కప్పేస్తుంది.

కాలనీ మట్టి లారీలతో పోసిన గట్టి మట్టి. నీళ్లు నిలుస్తాయి. నిమ్మజాతికి అది సరిపడదు, మొదట్లో బంక కారి చెట్టు పోతుంది. మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా చేసి, నీళ్లు కాండానికి తగలకుండా దూరంగా పాదు తీశాను. వానలకి ముందు వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం విడివిడిగా కలిపి, తర్వాత ఒక లీటరు నీళ్లయ్యేలా కలుపుకుని కాండానికి పూస్తాను. ఇనప గిన్నెలో కలపకూడదు.

పాత దబ్బచెట్టు మీద ఎర్రచీమల గూళ్లుండేవి. మేం పచ్చడికి దులుపుకునేవాళ్లం. ఆకు తినే పురుగు ఆ చెట్టు మీద ఎక్కువగా కనబడేది కాదు. చైనాలో పదిహేడు వందల ఏళ్ల కిందటే ఈ చీమల గూళ్లని సంతలో కొని నారింజ చెట్లకి కట్టేవారని చదివి, మా చీమల మీద నాకు గౌరవం పెరిగింది. కాలనీలో అవి లేవు. పక్షి రెట్టలా కనబడే పిల్ల పురుగుల్ని చేత్తో ఏరుతున్నాం. ఒకటి రెండు బడికి తీసుకెళ్లి కరివేపాకు వేసి సీసాలో పెంచితే సీతాకోకచిలుకలయ్యాయి. పిల్లలు వాటిని కిటికీలోంచి వదిలారు. అవి మళ్లీ మా చెట్టు మీదికే వచ్చి ఉంటాయి.

పోయినేడు దబ్బ తొమ్మిది కాయలు కాసింది. అమ్మ మొదటి కాయ కోసి, వాసన చూసి, ఉప్పులో వేసింది. బత్తాయి కొమ్మ వైపు ఇప్పటికీ నీళ్లు పోయదు. అది నా వాటా.

ఈ వానలకి కన్నుపుల్లలు కావాలని కాలనీలో పదకొండు ఇళ్లవాళ్లు అడిగారు, ఎక్కువమంది దబ్బకే. ఇస్తానన్నాను. వేరు మొక్క మాత్రం వాళ్లే ఇప్పుడే నాటి, పెన్సిలు లావు చేసి ఉంచాలి. ఆకులు ఒకసారి ఎండకి పట్టి చూడకుండా ఎవరికీ పుల్ల ఇవ్వను.