తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని

మా వీధిలో ఎవరింటి ముందైనా ఆటోలోంచి రెండు కొత్త సూట్‌కేసులు దిగాయంటే, ఆ ఇంటి అమ్మాయికో కోడలికో అమెరికాలో నెలలు నిండుతున్నాయన్నమాటే. ఎవరూ చాటింపు వెయ్యక్కర్లేదు. మర్నాటినించీ ఆ ఇంట్లోంచి పొడులు వేయిస్తున్న ఘాటు వీధి చివరిదాకా వస్తుంది.

కిందటి వారం పక్కింటావిడ అలాగే వచ్చింది. నాకంటే ఆరేళ్ళు చిన్న. పాతికేళ్ళ ఇరుగుపొరుగు. "అక్కయ్యగారూ, మీరు రెండుసార్లు వెళ్ళొచ్చారు కదా. కందిపొడి ఎన్ని కేజీలు పట్టుకెళ్ళారు? ఆవకాయ సీసాలో పెట్టమంటారా, కవర్లో కట్టమంటారా?" అంటూ కాగితం, పెన్నూ పుచ్చుకుని పీటమీద కూచుంది. ఆరు నెలల ప్రయాణం. కాగితం నిండా పొడులే.

ఆవకాయ సంగతి చెప్పాను, చెప్పకేం! పచ్చడి ఏదైనా చేతిసంచీలో వద్దు, పెద్ద పెట్టెలో పెట్టమన్నాను. చాలా విమానాల్లో మనిషికి ఇరవైమూడేసి కిలోల పెట్టెలు రెండు రానిస్తారు, ఇంట్లోనే తూకం చూసుకోమన్నాను. లేకపోతే విమానాశ్రయంలో నలుగురి ముందూ పెట్టె విప్పి, లోపలి లంగాలతో సహా బయటికి తీసి, మళ్ళీ సర్దుకోవాలి. ఆ వైభవం నాకు జరిగింది. ఎండు కొబ్బరి మన విమానాశ్రయంలోనే తీసేయిస్తారు, దానికి నిప్పంటుకునే గుణం ఉందిట. కరివేపాకు రెమ్మ ఒక్కటి కూడా వద్దు. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులు మోసే పురుగు దానిమీద బతుకుతుందని అమెరికా వాళ్ళు దాన్ని చూస్తే పామును చూసినట్టు చూస్తారు. మాంసం పచ్చళ్ళూ రానివ్వరు. ఇక దుబాయి మీదుగా వెళ్ళేవాళ్ళు గసాల జోలికి పోకూడదు. మనకి మసాలా దినుసే గానీ ఆ దేశంలో అది నిషేధం, దొరికితే జైలు మాట. అమెరికాలో దిగాక తిండి సామాను ఏమైనా ఉందా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిది. చెప్తే పోయేది పచ్చడే. దాచి దొరికితే జరిమానా.

ఆవిడ అన్నీ శ్రద్ధగా రాసుకుంది. అయ్యాక నేనడిగాను: "మీవారు వేసుకునే మాత్రల పేర్లు నీకు తెలుసా?"

ఆవిడ నవ్వింది. "ఆయన మాత్రలు ఆయనే వేసుకుంటారండీ. నాకెందుకూ?"

2023లో నేనూ సరిగ్గా ఈ మాటే అన్నాను.

ఆ యేడు సెప్టెంబరులో బయల్దేరాం. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్టోబరులో పురుడు. మావారు రైల్వేలో చేసి రిటైరయ్యారు కనక ప్రయాణం ఏర్పాట్లంటే ఆయన సొత్తు. ఆరు నెలల ముందునించీ ఫైలు కట్టారు. గ్యాసు రెగ్యులేటరు తీసి పక్కన పెట్టారు. ఫ్రిజ్ కడిగి తలుపు ఓరగా తెరిచి ఉంచారు, మూసేస్తే బూజు పడుతుంది కదా. కరెంటు బిల్లు, ఇంటి పన్ను, ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు పోయడం మా మరిది కొడుక్కి అప్పజెప్పారు. పనమ్మాయికి సగం జీతం ఇస్తామని మాట్లాడుకున్నాం, లేకపోతే తిరిగొచ్చేసరికి ఆ పిల్ల దొరకదు. తులసమ్మకి నీళ్ళు పక్కింటావిడే పోసింది. ఇంత చేసిన మనిషి రైలెక్కాక నావంక గర్వంగా చూసి, "ఏవేవ్, ఏదైనా మరిచిపోయామంటావా?" అన్నారు. నేను ఆలోచించి, "ఇంగువ" అన్నాను.

డిసెంబరులో ఒక రాత్రి ఆయనకి కడుపులో నొప్పి వచ్చింది. ముందు గ్యాసన్నారు, వాము నమిలారు. రెండు గంటలయ్యేసరికి మనిషి చెమటలు పట్టి మెలికలు తిరిగిపోతున్నారు. అమ్మాయి బాలింతరాలు, పసిగుడ్డుతో కదల్లేదు. అల్లుడు మమ్మల్నిద్దర్నీ ఆస్పత్రి గుమ్మంలో దింపి కారు పెట్టడానికి వెళ్ళాడు. అత్యవసరంగా వచ్చిన రోగిని డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్ష చేసి, ప్రాణం కుదుటపరచాలని 1986 నించీ అక్కడ చట్టం ఉంది. వెంటనే లోపలికి తీసుకుపోయారు. నర్సు నావైపు తిరిగి ఏదో అడిగింది. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చుగానీ, ఆ యాసకి చెవి తెగలేదు. తెల్లమొహం వేశాను.

ఆ పిల్ల విసుక్కోలేదు. ఫోను లాంటిదొకటి తెచ్చి నా ముందు పెట్టింది. అందులోంచి, మీరు నమ్మండి నమ్మకపొండి, చక్కని తెలుగు వినిపించింది. "అమ్మా నమస్కారం. నేను దుబాసీని. మీవారు రోజూ ఏయే మందులు వాడతారు? ఎన్ని మిల్లీగ్రాములు? ఏ మందైనా పడదా? ఇంతకుముందు ఏవైనా పరీక్షలు చేయించారా?"

భాష అడ్డం వచ్చిందని చెప్పుకోవడానిక్కూడా లేకుండా పోయింది. అచ్చ తెలుగులో అడుగుతుంటే, ముప్ఫయ్యెనిమిదేళ్ళు కాపరం చేసిన నేను, "షుగరుకి పొద్దున్న ఒక తెల్లమాత్ర అండీ, బీపీకి చిన్నది, గుండ్రంగా ఉంటుంది" అన్నాను. అవతల దుబాసీ ఒక్క క్షణం ఆగింది. ఆవిడ దాన్ని ఇంగ్లీషులో ఏమని చెప్పిందో గానీ నర్సు రాసుకోవడం ఆపేసింది. ఆయనకి కూరలో ఉప్పు ఎంత ఉండాలో నాకు తెలుసు. ఒంట్లోకి రోజూ ఏం పోతోందో తెలీదు. ఆ రాత్రి పడ్డ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అమ్మాయి ఇంట్లో బీరువా అంతా వెతికి మాత్రల అట్టలు చూసి ఫోనులో పేర్లు చదివింది. అవి మన కంపెనీలు పెట్టుకున్న పేర్లు, అక్కడ ఎవరికీ తెలీవు. లోపలి మందు పేరు కావాలి. మన పారాసిటమాల్నే వాళ్ళు ఎసిటమినోఫెన్ అంటారంటే చూడండి. చివరికి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ అనీ, బీపీది టెల్మిసార్టన్ అనీ తేల్చేసరికి తెల్లవారుతోంది.

పిత్తాశయంలో రాళ్ళు. ఆపరేషన్ చేశారు, మూడు రోజులకి ఇంటికొచ్చారు. ఆయనకి గండం గడిచింది. మాకు అప్పుడు మొదలైంది.

ఇన్సూరెన్సు తీసుకున్నాం లెండి, తీసుకోకపోవడమేం! ఉన్నవాటిలో చవకది చూసి మావారే కొన్నారు. ముందునించీ ఉన్న జబ్బులకి వర్తించదని అందులో రాసుంది. షుగరు, బీపీల గురించి కదా అనుకున్నాం. వాళ్ళు పాత కాగితాలు పంపమన్నారు. పంపితే అందులో ఏణ్ణర్థం కిందటి స్కానింగు ఒకటి బయటపడింది. రాళ్ళున్నాయి, ఇబ్బంది పెడితే చూద్దాం అని మన డాక్టరు రాశాడు. ఆ స్కానింగు సంగతి ఆయన నాకు చెప్పలేదు. "నీకెందుకు దిగులని చెప్పలేదే" అన్నారు, దుప్పటిలోంచి. కంపెనీ పైసా ఇవ్వనంది.

బిల్లులో అంకె ఇక్కడ రాస్తే మావారు నొచ్చుకుంటారు. అమ్మాయి జీతం లేని సెలవులో ఉంది. మన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి విరిపించి ఇద్దామనుకున్నాం. అది ఫోనులోనే చెయ్యచ్చన్నారు. ఓటీపీ రావాలి. రాజమండ్రి నంబరుకి వస్తుంది. ఆ సిమ్ము ఏదీ? మేం దిగిన మర్నాడే అల్లుడు అమెరికా సిమ్ము వేస్తే, పాతది మావారు జాగ్రత్తగా కాగితంలో మడిచి నా కుంకంభరిణెలో పెట్టారుట. భరిణె వెతికితే, ఉంది. పసుపు కుంకాలతో సహా దాన్ని మళ్ళీ ఫోనులో పెట్టాం. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఎనభైనాలుగు రోజుల రీఛార్జి చేయించి బయల్దేరారు, గడువు ఎప్పుడో దాటిపోయింది. విదేశాల్లో పనిచేసే ఏర్పాటూ బయల్దేరేముందు చేయించలేదు. డిపాజిట్‌లో రెండో పేరు నాది. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చని రాసే ఉంది. కానీ బ్యాంకులో నా ఫోను నంబరు లేదు, నాకే పిన్నులూ తెలీవు. పేరు ఉంది. పేరు మాత్రమే ఉంది.

అప్పుడే మరిది కొడుకు పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించి ఫోటో పంపాడు. డిసెంబరు పింఛను పడలేదు. నవంబరులో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం పురిటి హడావిడిలో మరిచిపోయాం! కడుపు కోయించుకుని గండం గట్టెక్కి మనిషి ఎదురుగుండా సోఫాలో కూచుని చారన్నం తింటుంటే, అక్కడ బతికున్నట్టు రుజువు లేదని పింఛను ఆపేశారు. అమ్మాయి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

తరవాత అన్నీ ఒక్కొక్కటే దారిలోకొచ్చాయి. సిమ్ముకి ప్రాణం రావడానికి పది రోజులు పట్టింది. న్యూయార్కులో మన కాన్సులేటుకి వెళ్ళి ఆయన సజీవంగా ఉన్నారని సంతకం తెచ్చుకుని బ్యాంకుకి పంపాం. ఆగిన పింఛను బకాయితో సహా పడింది. ఫోను కెమేరాకి మొహం చూపించి ఆ పత్రం ఇచ్చే సదుపాయం 2021 నించీ ఉందని మాకు అప్పటికి తెలీదు. ఆస్పత్రి వాళ్ళని ఖర్చులు పద్దు పద్దుగా రాసిమ్మని అల్లుడు అడిగాడు. అడగడం మన హక్కే. బతిమాలితే కొంత తగ్గించి, మిగతాది వాయిదాలు కట్టారు. ఆ వాయిదాలు చాలా వరకూ కట్టింది అల్లుడే. "అత్తయ్యగారూ, ఆ మాటెత్తకండి" అంటాడు. ఎత్తకపోతే మరిచిపోతామా?

2025లో మళ్ళీ పిలిచారు. ఈసారి సూట్‌కేసుల కంటే ముందు నేను ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. మావారిని ఎదురుగా కూచోబెట్టి ఎడంపక్క పేజీలో ఆయన మందులు, లోపలి మందు పేరుతో, మోతాదుతో రాశాను. స్కానింగులు, ఆపరేషన్లు తేదీలతో రాశాను. బ్యాంకుకి ఇద్దరం వెళ్ళి నా నంబరు ఎక్కించుకున్నాను. పిన్నులు మాత్రం పుస్తకంలో రాయకూడదు, బట్టీ పట్టాను. చిన్నప్పుడు ఎక్కాలు పట్టినట్టే. రెండు సిమ్ములు పట్టే ఫోను కొని, తిరిగొచ్చే తేదీ దాటి నెలదాకా మన సిమ్ముకి రీఛార్జి చేయించాను. ఇన్సూరెన్సు కొనేముందు ముందునించీ ఉన్న జబ్బులకి ఏ మేరకి ఇస్తారు, మొదట మన చేతినించి ఎంత పెట్టుకోవాలి, అమ్మాయి ఊళ్ళో ఏ ఆస్పత్రులు ఒప్పుకుంటాయి, ఈ మూడూ అడిగించి, ఉన్న జబ్బులన్నీ దాచకుండా చెప్పించాను. చవకది కాదు. చెవిదుద్దులు కొనుక్కుందామని దాచిన డబ్బు కొంత అందులోకి పోయింది.

ఇంకోటి. వీసా పదేళ్ళకి కొట్టారు కదా అని కొందరు నిబ్బరంగా ఉంటారు. ఎన్నాళ్ళుండచ్చో దిగినచోట ఆఫీసరు నిర్ణయిస్తాడు, మామూలుగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. విమానంలో వచ్చేవాళ్ళకి 2013లో ఆ కాగితం చేతికివ్వడం మానేశారు, కంప్యూటర్లో చూసుకోవాలి. ఆ తేదీ దాటి ఉండిపోతే పదేళ్ళ వీసా చెల్లకుండా పోతుంది. పొడిగింపు కావాలంటే తేదీ లోపలే దరఖాస్తు పెట్టాలి. అదీ నోటుబుక్కు మొదటి పేజీలోనే రాశాను, ఎర్ర సిరాతో.

ఇదంతా మావారికి నచ్చలేదు. మూడోరోజు రాత్రి మెల్లిగా, "నేను పోతానని లెక్కలు రాసుకుంటున్నావా?" అన్నారు. గుండె కలుక్కుమంది. అశుభం పలకకండని మామూలుగా అయితే లేచిపోయేదాన్ని. కూచున్నాను. "ఆ రాత్రి మిమ్మల్ని లోపలికి తీసుకుపోయాక నన్నడిగిన ఒక్క ప్రశ్నకీ జవాబు లేదండీ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "కుడిపక్క పేజీ ఖాళీగా ఉందేం?" అన్నారు. అది నాది. "నేను పొద్దున్నే పరగడుపున ఏం వేసుకుంటానో చెప్పండి, రాస్తాను" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. "చిన్న సీసాలోది" అన్నారు. తొమ్మిదేళ్ళుగా వేసుకుంటున్న థైరాయిడ్ మాత్ర.

పక్కింటావిడ ఇదంతా విని పెన్ను మూత పెట్టింది, మళ్ళీ తీసింది. పొడుల కాగితం తిరగేసింది. వెనక వైపు తెల్లగా ఉంది.

"ముందు ఏం రాయమంటారు అక్కయ్యగారూ?"

"మాత్రల డబ్బా తెప్పించుకో" అన్నాను.

ఆ రాత్రి గోడ అవతలినించి మాటలు వినిపించాయి. "ఇప్పుడివన్నీ నీకెందుకే?" అని ఆయన. ఆవిడ ఏమందో వినపడలేదు. కాసేపటికి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ, "టె... ల్మి... సా..." అని ఆవిడ గొంతు.